వెబ్‌క్యామ్ చాలా, కెమెరా కావాలా? మీ గదిలోనే తేల్చుకోండిలా

హన్మకొండలో ఇంటి నుంచే ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లు, వరంగల్‌లో చీరలో ఇత్తడి సామానో వీడియోలో చూపించి అమ్మేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న దగ్గర ఆగుతారు: ఉన్న వెబ్‌క్యామ్‌తో సరిపెట్టుకోవాలా, అరవై డెబ్బై వేలు పెట్టి విడి కెమెరా కొనాలా? యూట్యూబ్‌లో పోలిక వీడియోలు చూసి నిర్ణయం తీసుకుంటే మోసపోయే అవకాశమే ఎక్కువ. అవి తీసిన గదిలో నాలుగు లైట్లుంటాయి. మీ గదిలో ఉన్నది ఒక ట్యూబ్‌లైటు, ఒక కిటికీ. పోలిక మీ గదిలో, మీ లైటు కింద జరగాలి. ఆ వీడియో మీ చూపరుల ఫోన్‌కు చేరాక ఎట్లా కనిపిస్తుందో కూడా చూడాలి. ఒక మధ్యాహ్నం, ఒక రాత్రి చాలు.

కెమెరాను ముందే కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లను ముహూర్తాల రోజుల్లో అడిగితే దొరకదు. ఆషాఢంలోనో మూఢంలోనో అడగండి, ఒక రోజుకు ఇవ్వడానికి అంత బెట్టు చేయరు. తెచ్చేటప్పుడు కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే వచ్చే మామూలు లెన్స్) పాటు ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లోపలికి వెలుతురు ఎక్కువ), డమ్మీ బ్యాటరీ (బ్యాటరీ చోట పెట్టి కరెంటుతో నడిపేది), హెచ్‌డీఎంఐ కేబుల్, క్యాప్చర్ కార్డు (కెమెరా బొమ్మను కంప్యూటర్‌లోకి తీసుకునేది) కూడా అడగండి. కేబుల్ దగ్గరే చాలామంది పని ఆగిపోతుంది. సోనీ జెడ్‌వీ-ఈ10, కెనాన్ ఎం50 లాంటి వాటికి మైక్రో హెచ్‌డీఎంఐ, కెనాన్ 200డీ మార్క్ 2కు మినీ హెచ్‌డీఎంఐ. రెండూ చూడటానికి దగ్గర దగ్గరగా ఉంటాయి గానీ ఒకదాంట్లో ఒకటి పట్టదు.

ఇంట్లో నుంచి ఇంకో నాలుగు సామాన్లు తీసి పెట్టుకోండి: చిన్నక్షరాలున్న ఆనాటి దినపత్రిక, ఎర్రటి చపాటా మిర్చి ఒకటి, సన్న చారలున్న కొత్తవాడ దర్రీ, మెరిసే ఇత్తడి చెంబు. మిర్చి ఎందుకు, దర్రీ ఎందుకు అన్నది కిందికి వస్తే తెలుస్తుంది.

ముందు కాగితం మీద ఒక్క మాట రాసుకోండి

మీ వీడియో లైవ్‌గా వెళ్తుందా, రికార్డు చేసి పెడతారా? సగం జవాబు ఇక్కడే ఉంది. జూమ్‌లో నలుగురైదుగురున్న మీటింగ్‌లో మామూలుగా వెళ్లేది 720పి, నెట్ నెమ్మదిస్తే ఇంకా తక్కువ. లక్ష రూపాయల కెమెరా పెట్టినా అవతలికి చేరేది ఆ సన్న దారిలో పట్టినంతే. అదే రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే 1080పి వీడియోకు యూట్యూబ్ సూచించే బిట్‌రేట్ సెకనుకు 8 మెగాబిట్లు, 4కె అయితే 35 నుంచి 45. అక్కడ కెమెరా తేడా బతికి బయటపడుతుంది.

రెండింటినీ ఒకే చోట నిలపండి

వెబ్‌క్యామ్, కెమెరా లెన్సులు రెండూ పక్కపక్కనే, మీ కళ్ల ఎత్తులో, ముఖానికి మీటరు దూరంలో ఉండాలి. ల్యాప్‌టాప్ మూత మీద వెబ్‌క్యామ్, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి పోల్చితే మీరు పోల్చింది ఎత్తులనే. పుస్తకాలు దొంతరగా పేర్చి వెబ్‌క్యామ్‌ను పైకి తీసుకురండి.

ఫ్రేము కూడా సమానం చేయాలి. లాజిటెక్ సీ920 ఐమూలగా 78 డిగ్రీల మేర చూస్తుంది. ఏపీఎస్-సీ సైజు సెన్సర్ కెమెరాలో (పైన చెప్పినవన్నీ అవే) దాదాపు అంతే వెడల్పు రావాలంటే కిట్ లెన్స్‌ను 16 మి.మీ. దగ్గర పెట్టాలి. వెబ్‌క్యామ్‌ను అంత వెడల్పుగా వదిలేసి, కెమెరాను 50 మి.మీ.కు జూమ్ చేసి, "అబ్బ, వెనక ఎంత బాగా మసకబారిందో" అనుకోవడం అందరూ చేసే తప్పే. మొదటి టేకు ఒకే వెడల్పులో తీయండి. రెండో టేకుకు కెమెరాను ముఖానికి రెండు మీటర్ల దూరానికి జరిపి 35 మి.మీ. చేయండి. ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా కనిపించే వంకర పోతుంది. కెమెరా అసలు లాభాల్లో ఇదొకటి, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు.

ఆటోలన్నీ కట్టేయండి

మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టర్ ఆ లెక్కకు కలవకపోతే వీడియోలో చారలు మెల్లగా పైకో కిందికో పాకుతాయి. కెమెరాను మాన్యువల్ మోడ్‌లో పెట్టి, వీడియోను పాల్‌కు (50 హెర్ట్జ్ దేశాల పద్ధతి) మార్చి 25 ఫ్రేములు, షట్టర్ 1/50, ముఖం సరిగ్గా కనిపించేదాకా ఐఎస్‌ఓ (బొమ్మ వెలుగును పెంచే అంకె) పెంచండి. వైట్ బ్యాలెన్స్ తెల్ల కాగితం చూపించి బిగించేయండి.

వెబ్‌క్యామ్‌కు ఈ సెట్టింగులు లేవనుకుంటారు గానీ, ఉన్నాయి. ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, వెబ్‌క్యామ్ సోర్స్ ప్రాపర్టీస్‌లో కాన్ఫిగర్ వీడియో నొక్కితే పాత కాలం విండో ఒకటి వస్తుంది. అందులో పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ 60 ఉంటే 50 చేయండి. ఎక్స్‌పోజర్ పక్కన ఆటో టిక్కు తీసేయండి. అక్కడి అంకెలు వింతగా మైనస్‌లో ఉంటాయి: లెక్క ప్రకారం మైనస్ 5 అంటే 1/32 సెకను, మైనస్ 6 అంటే 1/64. చారలు కనిపిస్తే ఒక అంకె అటో ఇటో జరిపి చూడండి. లో లైట్ కాంపెన్సేషన్ అనే టిక్కు ఉంటే అదీ తీసేయండి. చీకటి పడగానే ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సేపు వెలుతురు పట్టడానికి 30 ఫ్రేముల వీడియోను అది గుట్టుచప్పుడు కాకుండా 15కు దించేస్తుంది. చెయ్యి ఊపితే తోక వచ్చినట్టు కనిపించేది అందుకే. దానికి వెబ్‌క్యామ్‌ను తిట్టి లాభం లేదు.

ఇంత చేసి, వెలుతురు తక్కువైందని మళ్లీ గెయిన్ (వెబ్‌క్యామ్‌లో ఐఎస్‌ఓ లాంటిది) పెంచకండి, లైటు పెంచండి. 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ ఒకటి ముఖానికి పక్కగా, 45 డిగ్రీల్లో, తెల్ల గుడ్డ అడ్డం పెట్టి వెలిగిస్తే పాత వెబ్‌క్యామ్ కూడా కొత్తదాని లెక్క పనిచేస్తుంది. గుడ్డ బ్యాటెన్‌కు తగలకుండా జానెడు దూరంలో ఉంచండి. కిటికీ మీ వెనక ఉంటే మాత్రం ఏ కెమెరా ఏమీ చేయలేదు. మీరే తిరిగి కూర్చోవాలి.

కేబుల్‌లో ఏం జరుగుతోంది

సమాన పోలిక ఎక్కువగా చెడేది ఇక్కడే, అందుకని కాస్త ఆగి చదవండి.

1080పి వీడియోను సెకనుకు 30 ఫ్రేముల చొప్పున కుదించకుండా పంపాలంటే 1920 గుణించు 1080 గుణించు 2 బైట్లు గుణించు 30. దాదాపు 124 మెగాబైట్లు, అంటే సెకనుకు వెయ్యి మెగాబిట్లకు కొంచెం తక్కువ. యూఎస్‌బీ 2.0 మోయగలిగేది కాగితం మీదే 480. అందుకే మామూలు వెబ్‌క్యామ్ ప్రతి ఫ్రేమునూ జేపెగ్ ఫొటోలా కుదించి ఎంజేపెగ్ రూపంలో పంపుతుంది. ఓబీఎస్‌లో వీడియో ఫార్మాట్ ఎనీ అని వదిలేస్తే, అది వైయూవై2ను (కుదించని రూపం) ఎంచుకుని సెకనుకు ఐదారు ఫ్రేములే రావచ్చు. రిజల్యూషన్ టైప్ కస్టమ్ చేసి 1920×1080, 30, ఎంజేపెగ్ అని మీరే చెప్పండి. వెబ్‌క్యామ్ ఉన్న యూఎస్‌బీ హబ్‌లోనే పెన్‌డ్రైవ్, మైక్ కూడా గుచ్చి ఉంటే తీసేసి, వెబ్‌క్యామ్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టండి.

ఇప్పుడు కెమెరా వైపు. కెమెరాను యూఎస్‌బీ తీగతో నేరుగా గుచ్చి "వెబ్‌క్యామ్‌గా వాడొచ్చు" అంటారు. నిజమే, కానీ జెడ్‌వీ-ఈ10 యూఎస్‌బీలో ఇచ్చేది 720పి మాత్రమే. 1080పి వెబ్‌క్యామ్ పక్కన దాన్ని పెట్టి, అక్షరాలు మసకగా ఉన్నాయని కెమెరాను తప్పుపడితే న్యాయం కాదు. అసలు బొమ్మ కావాలంటే హెచ్‌డీఎంఐ ద్వారా క్యాప్చర్ కార్డులోకి తీసుకోవాలి.

క్యాప్చర్ కార్డుల్లోనూ తిరకాసు ఉంది. చవకగా దొరికే పెన్‌డ్రైవ్ సైజు కార్డు పెట్టె మీద 4కె అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది లోపలికి తీసుకునే సిగ్నల్ మాట. చాలావాటిలో ఉండేది యూఎస్‌బీ 2.0 చిప్పే, బయటికి ఇచ్చేది 1080పి 30 ఫ్రేములు, అదీ ఎంజేపెగ్‌లో. అంటే కెమెరా బొమ్మను కూడా వెబ్‌క్యామ్ దూరే సందులోంచే దూరుస్తున్నారన్నమాట. యూఎస్‌బీ 3.0కు గుర్తుగా పోర్టు లోపల నీలం రంగు ఉందని నమ్మకండి, రంగు ఎవరైనా వేస్తారు. ఓబీఎస్‌లో ఆ కార్డుకు 1080పి, 30 ఫ్రేములకు వైయూవై2 గానీ ఎన్‌వీ12 (ఇదీ కుదించనిదే) గానీ ఎంచుకుని, ఫ్రేములు తగ్గకుండా వస్తే అది నిజంగా యూఎస్‌బీ 3.0.

కెమెరా మెనూలో హెచ్‌డీఎంఐ ఇన్ఫో డిస్‌ప్లే ఆఫ్ చేయండి, లేకపోతే బ్యాటరీ గుర్తు, ఫోకస్ చతురస్రం వీడియోలోకి వచ్చేస్తాయి. కొన్ని పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లలో అవి తీసేసే వీలే ఉండదు. అద్దెకు తెచ్చే ముందే టీవీకి గుచ్చి చూడమనండి. ఇక నలుపు బూడిద రంగులో, మొత్తం బొమ్మ పొగమంచు పట్టినట్టు కనిపిస్తే కెమెరా తప్పు కాదు: ఓబీఎస్ సోర్స్‌లో కలర్ రేంజ్ ఫుల్, లిమిటెడ్ తారుమారైంది. మార్చి చూడండి, రెండు సెకన్ల పని.

ఒక్క నిమిషం టేకు

ఓబీఎస్ కాన్వాస్ 1920×1080 పెట్టి, రెండు సోర్సులనూ అసలు సైజులోనే ఉంచి, ఆల్ట్ కీ నొక్కి అంచు లాగుతూ చెరో సగం కత్తిరించి పక్కపక్కన పేర్చండి. సైజు తగ్గించి పేర్చకండి. తగ్గిస్తే తేడాలు దాక్కుంటాయి. రికార్డింగ్ క్వాలిటీ సేమ్ యాజ్ స్ట్రీమ్ అని ఉంటే మార్చి, ఇండిస్టింగ్విషబుల్ క్వాలిటీ పెట్టండి. తక్కువ బిట్‌రేట్‌తో రికార్డు చేస్తే రెండూ ఒకేలా చెడిపోయి, "ఏం తేడా లేదు" అనే తప్పుడు తీర్పు వస్తుంది.

దర్రీని వెనక గోడకు వేలాడదీసి, చెంబును ఫ్రేములో లైటు పడేచోట పెట్టండి. రికార్డు నొక్కి, ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. పది సెకన్లు కదలకుండా కూర్చోండి. దినపత్రికను ఛాతీ దగ్గర పట్టుకోండి. చెయ్యి అడ్డంగా వేగంగా ఊపండి. మిర్చిని లెన్స్ ముందుకు జానెడు దూరందాకా తెచ్చి, మూడు సెకన్లు ఆగి, వెనక్కి తీసుకోండి. లేచి ఫ్రేములోంచి బయటికి వెళ్లి తిరిగి వచ్చి కూర్చోండి. ఇదే వరస మధ్యాహ్నం కిటికీ వెలుతురులో ఒకసారి, రాత్రి ఒక్క ట్యూబ్‌లైటు కింద ఒకసారి చేయండి. తర్వాత కిట్ లెన్స్ తీసి ఎఫ్ 1.8 పెట్టి రాత్రి టేకు మళ్లీ తీయండి.

రాత్రి టేకు ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క. వెబ్‌క్యామ్‌లలో తరచూ కనిపించే 1/3 అంగుళం సెన్సర్ 4.8×3.6 మి.మీ., అంటే 17 చదరపు మి.మీ. ఏపీఎస్-సీ 23.5×15.6, అంటే 366. ఇరవై ఒక్క రెట్లు. వినడానికి బాగుంది కానీ లెన్స్ కూడా లెక్కలోకి రావాలి. వెబ్‌క్యామ్ లెన్స్ ఎఫ్ 2 అనుకుంటే, కిట్ లెన్స్ ఎఫ్ 3.5 దగ్గర ఆ లాభం ఏడు రెట్లకు పడిపోతుంది. జూమ్ చేసి ఎఫ్ 5.6కు చేరిందా, మూడు రెట్లు కూడా మిగలదు. అదే ఎఫ్ 1.8 పెడితే ఇరవై ఆరు రెట్లు. కిట్ లెన్స్‌తో రాత్రి వీడియో తీసి నిరాశపడేవాళ్లు కెమెరాను అమ్మేయకుండా లెన్స్ మార్చుకోవాల్సింది.

బొమ్మను దగ్గరగా చూడండి

ఫైలును వీఎల్‌సీలో తెరిచి, కీబోర్డు మీద ఇంగ్లిష్ ఈ అక్షరం నొక్కుతూ ఫ్రేము తర్వాత ఫ్రేము చూడండి.

ముందు మిర్చి దగ్గర ఆగండి. చపాటా మిర్చి లావుగా, గుండ్రంగా, టమాటాలా ఉంటుంది. పండితే తొడిమ చుట్టూ చర్మం ముడతలు పడుతుంది, ఒక పక్కన లైటు మెరుపు సన్న గీతలా పడుతుంది. వెబ్‌క్యామ్ సగంలో ఆ ముడతలున్నాయా, లేక మిర్చి మొత్తం ఒకే ఎర్ర ముద్దలా అతుక్కుపోయిందా? ముద్దయితే ఎరుపు పొంగిపోయింది. సాచురేషన్ పది పదిహేను అంకెలు తగ్గించి, ఎక్స్‌పోజర్ ఒక మెట్టు దించి మళ్లీ తీయండి, చాలావరకు తిరిగొస్తుంది. తర్వాత ఆకుపచ్చ తొడిమ ఎరుపును తాకే అంచు చూడండి. ఎరుపు ఆకుపచ్చలోకి కారినట్టుంటే కారణం వేరు: మామూలు వీడియోలో వెలుగు వివరాలు 1920×1080 చొప్పున ఉన్నా, రంగు వివరాలు 960×540 చొప్పునే నిల్వ అవుతాయి. యూట్యూబ్‌కు ఎక్కాక కెమెరా వీడియోకూ ఇదే గతి. చీరలు, మిర్చి, చేర్యాల బొమ్మల్లాంటి ఎర్రటి వస్తువులు చూపించేవాళ్లు 4కెలో తీసి 4కెలోనే ఎక్కిస్తే, 4కెలో చూసేవాళ్లకు అంచులు తేరుకుంటాయి. మామూలు వెబ్‌క్యామ్‌తో ఈ ఉపాయం కుదరదు.

దర్రీని వెనక గోడకు వేలాడదీసి తీసిన ఫ్రేము చూడండి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది గానీ, వాటి సన్న చారలు కెమెరాలకు పాత శత్రువులు. చారల మీద లేని ఇంద్రధనుస్సు అలలు పాకుతుంటే అది మొయిరే. ఈ పరీక్షలో కొన్నిసార్లు కెమెరానే ఓడిపోతుంది, వెబ్‌క్యామ్ లెన్స్ అంత స్ఫుటంగా లేకపోవడమే దాన్ని కాపాడుతుంది. కెమెరాను అరమీటరు వెనక్కి జరపడమో, నేపథ్యాన్ని కొద్దిగా ఫోకస్ తప్పించడమో చేస్తే పోతుంది.

చెంబు మీద లైటు పడ్డచోట తెల్ల మచ్చ చుట్టూ ఇత్తడి పసుపు మెల్లగా తేలుతుందా, లేక కత్తితో కోసినట్టు తెలుపు ఆగిపోతుందా చూడండి. పెంబర్తి సామాను అమ్మేవాళ్లకు ఇది ప్రాణం. పాఠాలు చెప్పేవాళ్లు వదిలేయొచ్చు.

మిర్చి వెనక్కి తీసినప్పుడు ఫోకస్ ముఖం మీదికి ఎన్ని ఫ్రేముల్లో తిరిగొచ్చింది? లెక్కపెట్టండి. వెబ్‌క్యామ్ అటూ ఇటూ వెతుక్కుంటూ పోతే, క్లాసుకు ముందు ఆటోఫోకస్ ఆపి చేత్తో బిగించుకోండి. కుర్చీలో కూర్చునే చెప్పేవాళ్లకు అదే మేలు.

ఫోన్‌కు చేరాక

ఇప్పుడు అసలు పరీక్ష. తీసిన టేకులను యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) ఎక్కించండి. 1080పి సిద్ధం కావడానికి కాసేపు పడుతుంది, ఎక్కించిన వెంటనే చూస్తే 360పి చూసి మోసపోతారు. లైవ్ క్లాసులైతే మీటింగ్ మొదలుపెట్టి, ఇంట్లోవాళ్ల ఫోన్‌ను వైఫై తీసేసి మొబైల్ డేటాతో జాయిన్ చేయించి, పక్క గదిలోంచి చూడండి. ఏ కెమెరాదో చెప్పకుండా "ఏది బాగుంది?" అని ఇద్దరు ముగ్గురిని అడగండి. ఆరంగుళాల తెర మీద, జూమ్‌లో, మంచి లైటు కింద తీసిన టేకుల్లో చాలామందికి తేడా దొరకదు. రాత్రి టేకులో, వెనక మసకబారిన టేకులో మాత్రం వెంటనే పట్టేస్తారు. బోర్డు మీద రాసి చెప్పే లైవ్ క్లాసుకైతే వెబ్‌క్యామ్, రెండు లైట్లు, మంచి మైక్ కొనడం న్యాయం. వస్తువు చూపించి రికార్డు చేసే పనికైతే కెమెరా తీసుకోండి, కానీ కేబుల్, క్యాప్చర్ కార్డు గొడవ లేకుండా మెమరీ కార్డులోకే రికార్డు చేయండి.

మూడో పోటీదారు జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ 14 వచ్చాక కొన్ని ఫోన్లను యూఎస్‌బీ తీగతో నేరుగా వెబ్‌క్యామ్‌గా వాడుకోవచ్చు. వెనక కెమెరాతో అదే టేకు తీసి పై రెండింటి పక్కన పెట్టండి. అద్దె కెమెరా తిరిగిచ్చేలోపే మనసు మారొచ్చు.

కెమెరానే అనుకుంటే ఇంకో రెండు పరీక్షలు

చప్పట్ల దగ్గరికి వెళ్లండి. శబ్దం వినిపించిన ఫ్రేముకు, తెర మీద చేతులు కలిసిన ఫ్రేముకు మధ్య ఎన్ని ఫ్రేములున్నాయి? 30 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. క్యాప్చర్ కార్డు దారిలో బొమ్మ ఆలస్యంగా వస్తుంది కాబట్టి నాలుగు ఫ్రేముల తేడా ఉంటే ఓబీఎస్ అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మైక్ సింక్ ఆఫ్‌సెట్ 133 పెట్టండి. లేకపోతే పెదవులకూ మాటకూ పొంతన కుదరదు.

రెండోది ఓపిక పరీక్ష. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో, మీ క్లాసు ఎంత సేపో అంత సేపు కెమెరాను ఆపకుండా నడపండి. ఆటో పవర్ ఆఫ్ తీసేయండి, బ్యాటరీ బదులు డమ్మీ బ్యాటరీ పెట్టండి. కొన్ని పాత కెమెరాల్లో కార్డులోకి రికార్డింగ్ 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతుంది. హెచ్‌డీఎంఐ బొమ్మకు ఆ పరిమితి ఉండదు. 4కెలో వేడెక్కి ఆగితే 1080పికి దించండి, కెమెరా తెరను దాని ఒంటి నుంచి బయటికి తిప్పి ఉంచండి. మధ్యలో ఒకసారి మెయిన్ స్విచ్ ఆపి, ఇన్వర్టర్ అందుకునే క్షణంలో డమ్మీ బ్యాటరీ అడాప్టర్ నిలబడిందా, కెమెరా ఆరిపోయిందా చూడండి. ఆరిపోతే ఆ అడాప్టర్‌ను కంప్యూటర్ యూపీఎస్‌లో పెట్టండి. అంతా అయ్యాక ఫైలు మొదటి నిమిషం కాకుండా చివరి నిమిషం తెరిచి, పెదవులూ మాటా ఇంకా కలిసే ఉన్నాయేమో చూసుకోండి.